మనీ ప్లాంట్‌కు ఊడలు దిగితే ఏం చేయాలి?

పోయిన వానాకాలం మా పక్కింటి కోడలు ఫోన్ పట్టుకొని గాబరాగా వచ్చింది. "అక్కా, మనీ ప్లాంట్‌కు గోధుమరంగు పురుగులు పట్టినయ్. ప్రతి కణుపు కాడ ఉన్నయ్. ఏం మందు కొట్టాలె?" అంది. ఫోటో పెద్దది చేసి చూశాను. పురుగులు కావు. కణుపు కింద ఆవగింజంత మొటిమలు. వాటిలో ఒకటి రెండు అప్పటికే అంగుళం సాగాయి, కొసలు లేతగా, తెల్లగా ఉన్నాయి. అవి వేళ్లు.

మర్రికి దిగేవాటిని మనం ఊడలంటాం. మనీ ప్లాంట్, ఆకులకు చీలికలుండే మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, సింగోనియం లాంటి పాకే మొక్కలకు కణుపుల దగ్గర పుట్టేవి కూడా అలా గాలిలో పెరిగే వేళ్లే. పాఠ్యపుస్తకాల్లో వాయుగత వేళ్లు అంటారు. ఇంట్లో మాట్లాడుకోవడానికి ఊడలు అన్న మాట చాలు.

వీటిని చూడగానే చాలామంది కత్తెర తీస్తారు. కొందరు నాలుగేళ్లు ఏపుగా పెరిగిన మొక్కను కూడా "అడవిలాగా అయింది" అని నున్నగా గొరిగేస్తారు. నేను చెప్పేది ఒక్కటే. కోసే ముందు ఆ వేరు దేన్ని వెతుక్కుంటోందో చూడండి. అది వెతికేది రెండే, పట్టుకోవడానికి ఆసరా, తాగడానికి తడి. ఆ రెండూ మీరు చూపిస్తే కోయాల్సిన పని నూటికి తొంభై సార్లు రాదు.

ముందు మీ మొక్క వేరు ఎలాంటిదో చూడండి

ఈ తీగలన్నీ మన చేమ, కంద కుటుంబానివే. మనీ ప్లాంట్ పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలో తహితి పక్కనున్న మొరేయా దీవి. మాన్‌స్టెరాది మెక్సికో దక్షిణం నుంచి పనామా దాకా ఉన్న వాన అడవులు. అక్కడ ఇవి నేల మీద మొలిచి, పెద్ద చెట్టు మానును పట్టుకొని పైకి పాకుతాయి. మాన్‌స్టెరా జాతిలోనే ఒక తీగ మొలక వెలుగు వైపు కాకుండా చీకటి వైపు పాకుతుందని 1975లో కోస్టారికా అడవిలో పరిశోధకులు గమనించి రాశారు. అడవిలో అన్నిటికన్నా చీకటిగా కనిపించేది దగ్గర్లో ఉన్న లావుపాటి మాను కాబట్టి, చీకటిని వెతికితే ఆసరా దొరుకుతుంది. మీ ఇంట్లో వేరు కిటికీ వైపు పోకుండా గోడ మూలకో, బీరువా వెనక్కో దూరిపోవడం చూసే ఉంటారు. వేళ్లకు వెలుగు గిట్టదు.

మనీ ప్లాంట్‌కు, సింగోనియానికి ఎక్కువగా వచ్చేవి పొట్టి వేళ్లు. వీటి పని పట్టుకోవడం. అంగుళమో రెండంగుళాలో సాగి, తడి తగిలితే అతుక్కుంటాయి. ఏమీ తగలకపోతే ఎండి గోధుమరంగు ముల్లులా మిగిలిపోతాయి. అలా ఎండినంత మాత్రాన మొక్కకు జబ్బు చేసినట్టు కాదు.

మాన్‌స్టెరాకు పొట్టివాటితో పాటు పొడుగ్గా దిగేవి వేరే ఉంటాయి. పెన్సిలంత లావుగా, తాడులాగా మూడు నాలుగు అడుగులు కూడా వేలాడతాయి. ఇవి నేలను వెతుక్కుంటూ దిగేవి. మట్టి అందిన రోజు నుంచి నీళ్లు, పోషకాలు పీల్చి పైకి పంపుతాయి. వీటిని కోయడం అంటే మొక్క నోటికాడి ముద్ద లాగేసినట్టే.

మన పెరట్లో తమలపాకు తీగ ఉంటే ఒక్కసారి దగ్గరికెళ్లి చూడండి. అది మిరియాల కుటుంబం. అయినా పద్ధతి ఇదే, కణుపు కణుపుకూ చిన్న వేళ్లు, అవిసె మానునో మునగ మానునో గట్టిగా కరుచుకొని ఉంటాయి.

ఎప్పుడు చేయాలి

మన నల్లగొండ, పాలమూరు వైపు వేళ్లను ఆసరాకు కట్టే ఈ పనికి కాలం చూసుకోవడం చాలా ముఖ్యం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు వేరు కొస ఒక లెక్కా? ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటి, గాలిలో తడి బొత్తిగా ఉండదు. ఎంత జాగ్రత్తగా మాస్ పోల్‌కు, అంటే తడి నిలిచే మెత్త చుట్టిన ఆసరా కర్రకు, కట్టినా మధ్యాహ్నానికల్లా వేరు కొస నల్లబడుతుంది. ఆ రెండు నెలలు మొక్కను కదిలించకండి. నీళ్లు పోయండి, పడమటి ఎండ తగలకుండా చూడండి, అంతే.

మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక మొదలుపెట్టండి. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు చివరి దాకా మంచి అదను. అప్పుడు కొత్త వేళ్లు వాటంతటవే తెల్లగా పొడుచుకొస్తాయి. ఎండిపోయాయనుకున్న పాతవాటి పక్క నుంచి కూడా పిల్లవేళ్లు వస్తాయి.

ఎండాకాలంలో కూలర్ ఉన్న గదిలో మొక్కలు కళగా ఉండటం నేను ఏటా చూస్తున్నాను. కూలర్ గాలిలో తడి ఉంటుంది కాబట్టి. కాకపోతే గాలి నేరుగా ఆకులకు కొట్టకూడదు. గదిలో ఓ మూలకు పెట్టండి. ఏసీ గది మాత్రం దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఏసీ గాలిలోని తడిని లాగేస్తుంది, వేళ్లు పుల్లల్లా ఎండుతాయి.

ఆసరా తయారు చేయడం

మొదట్లో నేను ఒక నర్సరీలో మాస్ స్టిక్ అని అమ్మేది కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ప్లాస్టిక్ పైపు మీద పల్చగా ఒక్క వరస కొబ్బరి తాడు చుట్టి ఉంది. నీళ్లు పోస్తే పోసినట్టే జారిపోయేవి. ఏడాది గడిచినా ఒక్క వేరు అతకలేదు. మొక్కను కట్టి నిలబెట్టడానికి అది చాలు, కానీ వేరుకు కావలసింది తడి నిలిచే మెత్త. అందుకే ఇంట్లోనే చేసుకోమంటాను. ఖర్చు కూడా తక్కువే.

రెండంగుళాల పీవీసీ పైపు మూడున్నర అడుగులు తీసుకోండి. ప్లంబింగ్ పని దగ్గర మిగిలిన ముక్క అయినా సరే. పైన మూడడుగుల మేర నాలుగు వైపులా చెయ్యి వెడల్పుకొకటి చొప్పున చిన్న బెజ్జాలు పెట్టించండి. కింది అర అడుగు కుండీలో దిగుతుంది, దానికి బెజ్జాలు వద్దు. పైపు అడుగు కొస మూసేయండి, పై కొస తెరిచి ఉంచండి.

ఇప్పుడు మెత్త. తడిని పట్టి ఉంచే స్ఫాగ్నమ్ మాస్ అనే నాచు దొరికితే దానికి సాటి లేదు, కానీ ధర ఎక్కువ, మన ఊళ్లలో అన్ని నర్సరీల్లో ఉండదు. నేను వాడేది కొబ్బరి పీచే. టెంకాయల పీచు విడదీసి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, ఆ ఎర్రనీళ్లు పారబోసి, మళ్లీ కడగండి. ఈ కడగడం తప్పించుకోకండి, పచ్చి పీచులో ఉప్పు ఉంటుంది. కడిగిన పీచును పైపు చుట్టూ అంగుళం మందాన ఒత్తుగా పేర్చి, పైన కోళ్ల జాలీ లాంటి ప్లాస్టిక్ జాలీ చుట్టి సుతిలితో బిగించండి. వేలితో నొక్కితే మెత్తగా దిగాలి, వదిలితే మళ్లీ లేవాలి. అంత బిగువు చాలు.

గోనె సంచి చుట్టొచ్చా అని అడుగుతుంటారు. చుట్టొచ్చు, వేళ్లు బాగానే పడతాయి. కానీ ఏడాది తిరిగేసరికి గోనె చివికి జారిపోతుంది, దాంతోపాటు అతుక్కున్న వేళ్లూ ఊడొస్తాయి. ఒక్క వానాకాలానికైతే గోనె సరే.

పోల్‌ను మొక్క పెట్టేటప్పుడే కుండీలో దింపడం మేలు. ముందే ఉన్న కుండీ అయితే మొక్క వెనుక వైపున, అంటే ఆకులు ముఖం తిప్పని వైపున, నెమ్మదిగా తిప్పుతూ దింపండి. పటపటమని వేళ్లు తెగుతున్నట్టు తెలిస్తే ఆపి రెండంగుళాలు జరపండి. మట్టికి మన చెల్క మట్టి మంచిది, నీరు నిలవదు. రెండు పాళ్ల చెల్క మట్టికి ఒక పాలు మాగిన పెంట ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపితే సరిపోతుంది. మాగని పెంట వేస్తే ఆ వేడికి వేళ్లు మాడతాయి.

కట్టడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తీగను ఎక్కడపడితే అక్కడ, ఆకుకాడలతో సహా బిగించి కట్టేస్తారు. ఆకుకాడను ఎప్పుడూ కట్టకండి, అది వెలుగును బట్టి తిరుగుతూ ఉండాలి. కట్టాల్సింది తీగను, అదీ కణుపుకు కొంచెం పైన. వేరు మొటిమ ఉన్న వైపు పోల్‌కు ఆనేలా తీగను మెల్లగా తిప్పండి. వేరు పీచును తాకుతూ ఉంటే చాలు, గుచ్చక్కర్లేదు.

కట్టుకు బైండింగ్ వైరు వద్దు, నైలాన్ తాడూ వద్దు, తీగ లావెక్కేకొద్దీ కోసుకుపోతాయి. మా ఇంట్లో ఓ పాత నారాయణపేట నూలు చీర ఉంది, మా అమ్మది. ఉతికి ఉతికి మెత్తబడి, కొంగు దగ్గర చిరిగింది. దాన్ని వేలెడు వెడల్పు పీలికలు చేసి పెట్టుకున్నాను. నీళ్లలో తడిపి, ఎనిమిది అంకె ఆకారంలో ఒక చుట్టు తీగకు, ఒక చుట్టు పోల్‌కు వేసి వదులుగా ముడివేస్తాను. చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి. తడిగుడ్డ వేరు పక్కనే ఉండటం వల్ల మొదటి వారం వేరుకు అదో ఊతం. వేళ్లు పట్టాయని తెలియగానే కట్టు విప్పేయండి. పట్టాయో లేదో తెలుసుకోవాలంటే తీగను రెండు వేళ్లతో కొంచెం వెనక్కి లాగండి, రానంటుంది.

ఎండి బిరుసెక్కిన పాత వేళ్లను వంచాలంటే ముందురోజు రాత్రి తడిగుడ్డ చుట్టి ఉంచండి. పొద్దునకు కొంచెం వంగుతాయి. అప్పటికీ వంగకపోతే బలవంతం చేయకండి, కణుపు దగ్గరికి విరుగుతాయి, ఆ గాయం నుంచి కుళ్లు తీగలోకి పోతుంది. కొత్త వేరు వచ్చేదాకా ఆగడం నయం.

నీళ్లు: అసలు కథంతా ఇక్కడే ఉంది

పోల్ ఎండిపోతే అది ఉత్త కర్ర. వానాకాలంలో రెండు రోజులకొకసారి, మిగతా కాలంలో రోజూ పోల్ పైనుంచి నెమ్మదిగా నీళ్లు పోయాలి. పైపు పై కొస తెరిచి ఉంచమన్నది అందుకే. పైపులో పోసిన నీళ్లు బెజ్జాల గుండా పీచులోకి ఊరతాయి. ఊరికి పోయేటప్పుడు నేను మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్ కొని, లీటరు సీసాకు తగిలించి, పోల్ పైన నిమిషానికి నాలుగైదు చుక్కలు పడేలా చక్రం తిప్పి పెడతాను. లీటరు నీళ్లు రెండు రోజులకు పైగా వస్తాయి. ఆస్పత్రిలో వాడి పడేసిన సెట్ మాత్రం ఇంటికి తేకండి.

ఈ ఉపాయం నాకు మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూశాక తట్టింది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి కాండంలోకి చెదల మందును చుక్క చుక్కగా ఎక్కించారు. లేత ఊడలను పైపుల్లోకి దింపి నేలకు చేర్చారు. ఎకరాలకొద్దీ పరుచుకున్న చెట్టు అది, దాన్ని మోస్తున్నవి ఊడలే. నేల అందిన ఊడ మానవుతుంది, అందనిది గాలికి ఊగుతూ ఉంటుంది. మన వరండాలో కుండీకీ లెక్క అదే, కొలత చిన్నది.

ఇక నీటి సంగతి. మన నల్లగొండ బోరు నీళ్ల గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, కఠినత్వం కూడా ఎక్కువ. బోరు నీళ్లు పోస్తే మూడు నెలలకు పోల్ మీద తెల్లటి ఉప్పు తెట్టె కడుతుంది. కుండీ మట్టిలో అయితే ఎక్కువ నీళ్లు పోసినప్పుడు కొంత ఉప్పు అడుగు బెజ్జం నుంచి బయటికి పోతుంది. పోల్ మీద నీరు ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే మిగులుతుంది, సరిగ్గా లేత వేరు కొస తగిలే చోట. వేరు అతకట్లేదు, కొస మాడుతోంది అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఏ నీళ్లు పోస్తున్నారని.

వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకు మించింది లేదు. లేదంటే ప్రభుత్వం ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లు. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా మంచివే, గాలిలోని తడి చల్లబడి నీరైంది కాబట్టి అందులో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్లు మాత్రం పోల్‌కు వద్దే వద్దు. వృథాగా పోతున్నాయని మనసు లాగుతుంది, తెలుసు. కానీ మనం తాగే నీళ్లలోంచి తీసిన ఉప్పంతా, ఫ్లోరైడ్‌తో సహా, చిక్కబడి ఉండేది వాటిలోనే. ఆ నీళ్లతో బండలు కడగండి. బోరు తప్ప గతిలేకపోతే నెలకొకసారి మంచినీళ్లు రెండు మూడు చెంబులు పోల్ మీంచి ధారగా పోసి ఉప్పును కడిగేయండి.

పొడుగు ఊడలను ఎటు పంపాలి

మాన్‌స్టెరా ఊడ కుండీ దాకా వచ్చిందంటే సగం పని అది చేసిపెట్టినట్టే. కొసను మట్టిలో రెండంగుళాలు దించి, చుట్టూ తడి చేసి వదిలేయండి. కుండీ అంచు దాటి బయట పడుతుంటే పక్కన ఇంకో చిన్న కుండీ పెట్టి అందులోకి దించొచ్చు, మొక్కకు రెండు వంటిళ్లు ఉన్నట్టవుతుంది. తర్వాత కుండీలు జరిపేటప్పుడు గుర్తుంచుకోండి, రెండూ కలిపే జరపాలి.

కొందరు ఊడను నీళ్ల సీసాలో పెడతారు. బాగా పనిచేస్తుంది, తెల్లటి పిల్లవేళ్లు కుచ్చులా వస్తాయి. కానీ సీసా మూతి దూదితో మూయండి, నీళ్లు వారానికి రెండుసార్లు మార్చండి, మార్చినప్పుడు సీసా లోపల తోమండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మంచినీళ్లలోనే, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. మనీ ప్లాంట్‌ను సీసాలో పెంచేవాళ్లందరికీ ఇదే మాట.

గోడను పట్టుకుంటే

సున్నం గోడైనా, ఎమల్షన్ రంగైనా పాకిన వేళ్లను లాగితే పెచ్చులు రాకుండా రావు. లాగకండి. ముందు తీగను గోడ నుంచి ఒక కణుపు దూరంలో బ్లేడుతో కోసి, వేళ్లను గోడ మీదే వదిలేయండి. నాలుగైదు రోజులు ఎండనిచ్చి, తర్వాత తడిగుడ్డ పదిహేను నిమిషాలు అద్ది, ప్లాస్టిక్ గరిటె అంచుతో కింది నుంచి పైకి గీకండి. మరక మిగులుతుంది, రంగు వేసేదాకా పోదు. ఇల్లు అద్దెదైతే మొక్కను మొదటి నుంచీ గోడకు జానెడు ఎడంగా పెట్టుకోండి.

కోయక తప్పనప్పుడు

దారికి అడ్డం వచ్చినవి, కుళ్లి మెత్తబడినవి, పూర్తిగా ఎండి పుల్లలైనవి కోయొచ్చు. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, కణుపుకు అర అంగుళం వదిలి కోయండి. పచ్చి ఊడలను ఒక్కసారే అన్నీ తీయకండి, పది ఉంటే రెండు మూడు, మళ్లీ నెల తర్వాత చూసుకోవచ్చు.

కొన్నేళ్ల కింద ఒక మే నెలలో ఇల్లు సర్దుతూ మా మాన్‌స్టెరా ఊడలు తొమ్మిది ఒకే పూట కోసేశాను. చావలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన నాలుగు ఆకులు పళ్లెమంతవి కావు, అరచేయంతవి. చీలికలు లేవు. మళ్లీ చీలిక ఆకు రావడానికి రెండు వానాకాలాలు పట్టింది. ప్రతి కొత్త ఆకు విచ్చుకుంటుంటే దగ్గరికెళ్లి చూసేదాన్ని.

కోసేటప్పుడు వచ్చే రసం చేతికి, కంటికి తగలనీయకండి. కంద, చేమ దురదకు కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులే వీటిలోనూ ఉంటాయి. చేతులు సబ్బుతో కడుక్కోండి, కోసిన ముక్కలు చంటిపిల్లలకు, మేకలకు, కుక్కలకు అందకుండా పారేయండి.

ఒకటి చెప్పడం మరిచాను. పోల్‌కూ తీగకూ మధ్య సందుల్లో పిండినల్లి దాక్కుంటుంది, తెల్లటి దూది పింజల్లా కనిపిస్తుంది. తక్కువుంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. ఎక్కువుంటే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు బాగా కలిపి సాయంత్రం పూట కొట్టండి. వారం తర్వాత ఇంకోసారి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి.

తీగ పోల్ కొసకు చేరాక

రెండేళ్లకో మూడేళ్లకో తీగ పోల్ దాటి పైకి తల ఎత్తుతుంది. అలాగే వేలాడనిస్తే ఆకులు చిన్నబోతాయి. మనీ ప్లాంట్‌లో ఇది స్పష్టంగా తెలుస్తుంది, పైకి పాకే తీగకు ఆకు పెద్దదవుతుంది, కిందికి వేలాడే తీగకు చిన్నదవుతుంది.

తమలపాకు తోటల్లో ఏటా తీగ దించుతారు. ఆకులు రాలిన కింది భాగాన్ని చుట్టగా చుట్టి మట్టిలో పూడ్చి, పై కొసను మళ్లీ అవిసెకు కట్టి పాకిస్తారు. అదే పని మన కుండీలో చేయొచ్చు. కింద ఆకుల్లేని బోసి తీగ లేతగా వంగేలా ఉంటే చుట్టి పూడ్చండి. లావుగా, వంగకుండా ఉంటే పైనుంచి మూడు నాలుగు కణుపులు, కనీసం రెండు బతికున్న ఊడలతో సహా కోసి, కోత ఒక పూట ఆరనిచ్చి, ఊడలను నీళ్లలో పెట్టండి. రెండు మూడు వారాల్లో పిల్లవేళ్లు రెండంగుళాలు అవుతాయి, అప్పుడు మట్టిలో నాటండి. పాత మోడును పీకేయకండి. పక్క కణుపు నుంచి చిగురు వస్తుంది, అది పాకడానికి మాగిన పోల్ అక్కడ సిద్ధంగానే ఉంటుంది.